సుగ్రా బేగం గారు రెండుగా చీల్చిన ప్రశ్న

ఆహ్వానపత్రం మీద ‘పదవీ విరమణ’ అని అచ్చు వేయించిన యాజమాన్యం వారూ, యాభై మూడేళ్లకే, చేతిలో పని సగంలో ఉండగా మనిషిని సాగనంపుతూ ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది? 2004 మార్చి 6న మన రియాద్ ఆస్పత్రి పోషకాహార విభాగంలో గుమాస్తాగా చేరిన శ్రీమతి సుగ్రా బేగం గారు దేన్నుంచీ విరమించలేదు. సౌదీ ఉద్యోగుల వాటా చాలక, సంస్థలకు రంగుల శ్రేణులు వేసే సర్కారు పథకం నితాఖాత్‌లో ఆస్పత్రి రంగు పడిపోతోందనీ, పైగా మనలాంటి విదేశీ ఉద్యోగుల మీద కట్టాల్సిన లెవీ పెరిగిందనీ మీరే ఆమె కుర్చీ లాగేశారు. వీడ్కోలు సంచిక వాళ్లు మంచి మాటలు రాయమన్నారు. రాస్తాను, అవీ నిజమే.

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఆమె తొలినాళ్లలో రోగుల భోజనాల చీటీలు రాశారు. వార్డుల్లో ఆడవాళ్ల పక్కన కూర్చుని అరబ్బీ నేర్చారు. 2015లో, తిండి వ్యసనంగా మారిన వారిని గుర్తించే ఒక పరదేశపు ప్రశ్నావళిని అరబ్బీ వారికి తగినట్లు మలచే బాధ్యత మన విభాగానికి వచ్చింది. అనువాదం డాక్టర్లు చేశారు. ఇల్లిల్లూ తిరిగి స్త్రీలను అడిగే శ్రమ ఆమె నెత్తిన పెట్టారు.

హుఫూఫ్‌లో ‘కడుపు నిండాక కూడా తింటారా?’ అని అడిగితే దాదాపు అందరూ అవునన్నారు. ఊరంతా వ్యసనపరులేనని మన పెద్ద డాక్టరు గారు సంబరపడ్డారు. ఈమెకు మింగుడుపడలేదు. మళ్లీ వెళ్లి, ఉమ్ సాలెహ్ అనే ఇల్లాలితో ఒకే పళ్లెంలో భోంచేశారు. ఈమె చెయ్యి ఆపితే ఆవిడా ఆపింది. ఈమె ముద్ద తీస్తే ఆవిడా తీసింది. కడుపు నిండలేదా అని అడిగితే ఆవిడ కోప్పడింది.

“ఎప్పుడో నిండింది. నువ్వు తింటుండగా నేను చెయ్యి తీస్తే, ఇక లెయ్యి అన్నట్టు కాదా చెల్లీ?”

తిరిగొచ్చి డాక్టరు గారితో ఈమె అన్న మాట నేను చెవులారా విన్నాను.

“సార్, ఈ లెక్కన మర్యాద తెలిసినోళ్లందరికీ మందులు రాయాల.”

ఆయన ముఖం మాడ్చుకున్నారు, ప్రశ్నను ముట్టుకోవద్దన్నారు. ఈమె వదల్లేదు. నెలల తరబడి పోరాడి ఆ ప్రశ్నను రెండు చేయించారు: అతిథి ఎదుట ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు. అప్పుడు గానీ అసలు బాధితులు బయటపడలేదు. వంటింటి గడియ పెట్టుకుని, ఏడుస్తూ, ఆపుకోలేక తినే ఒక యువతి, ఇన్నాళ్లూ ఈ మాట తననెవరూ అడగలేదని ఈమె చెయ్యి పట్టుకుందట.

అదే స్త్రీలను కొంతకాలానికి మళ్లీ అడిగి, జవాబులు నిలుస్తాయో లేదో చూస్తే గానీ కొత్త ప్రశ్న ఖాయం కాదు. ఆ రెండో విడతకు బయలుదేరే వారంలోనే దేశం వదిలి వెళ్లమనే ఫైనల్ ఎగ్జిట్ వీసా చేతికొచ్చింది. పూర్తిచేసే మనిషి లేదు గనుక పాత ప్రశ్ననే వాడతామని విభాగం తేల్చేసింది. అంత శ్రమ అలమరలోకి పోతుంటే సభలో శాలువా కప్పి చప్పట్లు కొట్టమంటే నాకు చేతులు రావడం లేదు.

సుగ్రా బేగం గారూ, మీరూ మీ వారు అబ్దుల్ ఘనీ గారూ ప్రొద్దుటూరులో నిండు ఆరోగ్యంతో, ఎవరి గంటలకూ లేవనక్కర్లేని పొద్దులతో చిరకాలం జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.

యాజమాన్యం వారికి మాత్రం కోరిక కాదు, డిమాండు. ఆమెను తాత్కాలిక వీసా మీద పిలిపించి హుఫూఫ్ పంపండి, ప్రశ్నావళి మీద ఆమె పేరు వేయండి. అంతవరకూ పాత ప్రశ్న అడిగి ఒక్క ఇల్లాలి మీద కూడా రోగి అన్న ముద్ర వేయకండి.