ఎండ వండిన పప్పు

సకల జనుల సమ్మెలో బొగ్గుగనులు ఆగి కరెంటు పోయింది. ఇంట్లో గ్యాసూ అయిపోయింది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమకారుల వంటావార్పుకు పప్పు తెస్తానని మాటిచ్చిన అండాలమ్మ, మేడమీద ఇంటి ఓనరు లలితమ్మ సోలార్ కుక్కర్ పెట్టె ముందు బెంగగా కూర్చుంది.

"మూత తియ్యకు అండాలూ, వేడి పోతుంది."

"మంట లేదు, పొగ లేదు. ఉడుకుతున్నదని ఎట్ల నమ్మాలె, లలితమ్మా? మా ఊర్ల గోబర్ గ్యాస్ నయం, నీలంగ మండేది."

"ఇక్కడ పేడ ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"గాలిమరలైతే?"

"మా సముద్రం ఒడ్డున గిర్రున తిరుగుతాయి. ఇక్కడ చీర ఆరడానికే గాలి చాలదు."

"అయ్యో, మబ్బొచ్చింది! పన్నెండైతున్నది, అందరు ఎదురుచూస్తుంటరు."

"లోపలి వేడి చాలు. ఆగు."

మబ్బు జరిగాక లలితమ్మ మూత ఎత్తింది. ఆవిరి గుప్పుమంది. వేలికింద పప్పు వెన్నలా నలిగింది. అండాలమ్మ తలెత్తి సూర్యుడికేసి చూసింది.

"గంత దూరంకెళ్లి ఒచ్చి, చప్పుడు చెయ్యకుంట వండి పోయిండు!"

"తీసుకెళ్ళు. నా పేరు మాత్రం చెప్పకు. ఆంధ్రావాళ్ళ పప్పంటే ఎవరైనా తింటారా?"

"పెట్టెనే తీస్కపోదాం, ఇంకో వాయి అక్కడ్నే వండొచ్చు. ఒక పక్క మీరు పట్టుండ్రి."

"నేనా? అక్కడికా?"

"మరి మూత ఎప్పుడు తియ్యాల్నో నాకేం ఎరుక?"