కబుర్ల కూర

బహుశా ఉల్లిపాయలు సరిగ్గా వేగడం లేదేమో అనుకుంది కూతురు. తల్లి పోయాక తండ్రి కంచంలో రోజూ సగం కూర మిగిలిపోతోంది. పొయ్యి మీద మళ్లీ బంగాళాదుంపలు వేస్తూ అడిగేసింది.

“నిజం చెప్పు నాన్నా, నా కూరకేం రోగం?”

“రోగమా? లక్షణంగా ఉంది. అదే దాని రోగం.”

“అమ్మ ఏం కలిపేది మరి?”

“కలపడమేమిటే, మాడబెట్టేది. పొయ్యి మీద పడేసి నాతో కబుర్లకి కూర్చునేది. వాసనొచ్చాక, ‘అంతా మీవల్లే’ అని నన్నే తిట్టేది.”

“ముందే గుర్తు చెయ్యొచ్చుగా?”

“చేస్తే, కబురు మధ్యలో లేచి వెళ్లిపోదూ!”

కూతురు మంట పెంచి, గరిటె పక్కన పెట్టి, కుర్చీ తండ్రి దగ్గరికి లాక్కుని కూర్చుంది.