అరవై ఒక్క సందేహాలు

పంతొమ్మిది వందల తొంభై మూడు జూన్ ఏడవ తేదీ సోమవారం ఉదయం మా ఆంగ్ల నిఘంటు కార్యాలయంలో టైపిస్టుగా చేరి, ముప్పై ఒక్క సంవత్సరాల నిరుపమాన సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న సహోద్యోగినిని అందరూ పెన్సిలమ్మగారు అంటారు. ఆమె ఏనాడూ కలం ముట్టలేదు. మూడేళ్ల క్రితమే విరమించిన ఈ వ్యాసకర్త్రిది ఇరవై ఆరేళ్లపాటు ఆమె పక్క బల్ల.

చేరిన రెండేళ్లకే ఆమెను పదవిభాగ శాఖకు మార్చారు. అక్కడ ఒక ఆంగ్ల వాక్యాన్ని ఇద్దరికి విడివిడిగా ఇస్తారు. ప్రతి మాటా నామవాచకమో, క్రియో, విశేషణమో గుర్తించి రాయాలి. ఒకరి చీటీ ఒకరు చూడరాదు. విభేదిస్తే పర్యవేక్షకులదే తుది తీర్పు. ఎం.ఏ. పట్టా, మూడు వ్యాకరణ గ్రంథాలు కంఠస్థమై ఉన్న వ్యాసకర్త్రికి, టైపు గది నుంచి వచ్చిన మనిషి జోడీ కావడమే మింగుడుపడలేదు. మూడింట రెండు తీర్పులు ఇద్దరి బల్లల మధ్యనున్న అద్దాల బీరువాకు ఆవలి పక్షానికే పోవడం మరీనా.

“ఏ పుస్తకం చదివారు మీరు?” అని ఒక మధ్యాహ్నం నిలదీసింది.

“పుస్తకమెక్కడిది అక్కయ్యా. రెండేళ్లు పొద్దస్తమానం ఇవే వాక్యాలు టైపు కొట్టాను కదా, తర్వాత ఏ తరహా మాట వస్తుందో వేళ్లకే తెలిసిపోతుంది.”

ఆ వేళ్లను చూసి వ్యాసకర్త్రికి సాయంత్రం దాకా ఒళ్లు మండింది.

రెండు వేల నాలుగులో కొత్త నిబంధన వచ్చింది: మూడు నెలల్లో నలభై తీర్పులు ఓడినవారు కింది హోదాలో ప్రూఫుల గదికి పోవాలి. సరిగ్గా అప్పుడే వ్యాసకర్త్రి భర్త పక్షవాతంతో మంచాన పడ్డారు. నిద్ర చాలని కళ్లతో రాసిన చీటీల సంగతి చెప్పనక్కరలేదు. అయినా గడువు ముగిసేసరికి ఓడినవి తొమ్మిదే. పైగా ఆ ఏటి పదోన్నతీ వ్యాసకర్త్రికే దక్కింది.

“చూశారా, ఈసారి మీ ఆటలు సాగలేదు,” అంది బీరువా పక్కనుంచి తొంగిచూసి.

“మీరు గట్టివారు అక్కయ్యా,” అని పెన్సిలమ్మగారు పెన్సిలు చెక్కుకున్నారు.

ఈ వీడ్కోలు సంచిక కోసం గత వారం పాత రిజిస్టర్లు తిరగేయగా అసలు సంగతి బయటపడింది. ఆ మూడు నెలల్లో పెన్సిలమ్మగారి గడిలో అరవై ఒక్కచోట ‘సందేహం’ అని ఉంది. ఒకరు సందేహమంటే తీర్పు ఉండదు. రెండోవారు రాసిందే నిలుస్తుంది. అంతకుముందు తొమ్మిదేళ్లలో ఆమెకు వచ్చిన సందేహాలు నాలుగు. అడుగున పర్యవేక్షకుల రాత: ‘సందేహాలు మితిమీరాయి. పదోన్నతికి పరిశీలించనక్కరలేదు.’

వ్యాసకర్త్రి వెంటనే ఫోన్ చేసింది.

“ఎవరడిగారు మిమ్మల్ని ఈ ఉపకారం?”

“బావగారు మంచాన ఉన్నారు కదక్కయ్యా. పైగా ప్రూఫుల గది మూడో అంతస్తు. మీ మోకాళ్లా...”

“నా మోకాళ్ల సంగతి మీకెందుకు?”

“ఇరవై ఏళ్ల తర్వాత తగువా? రండి, టీ పెడతాను.”

ఆమె సామర్థ్యం చూసి ఇరవై ఆరేళ్లు అసూయపడ్డ మనిషి, ఇక ఆమె మంచితనం చూసి కూడా అసూయపడవలసి రావడం అన్యాయమని ఇక్కడ నమోదు చేయడమైనది.

ఆ అరవై ఒక్క వాక్యాల నకళ్లు జ్ఞాపికతోపాటు కవరులో ఉన్నాయి. ఇరవై రెండు తప్పుగా అచ్చయ్యాయని వ్యాసకర్త్రికి ఇప్పుడు తెలుస్తోంది; మిగతావి పెన్సిలమ్మగారే చెప్పాలి. మసకబారని చూపుతో, వణకని చేతితో, భర్త, పిల్లల నడుమ ఆమె నిండు నూరేళ్లు ఆరోగ్యంగా వర్ధిల్లాలని, తీరిగ్గా ఆ చీటీలు నింపి పర్యవేక్షకులకు పంపాలని, ఈసారి మాత్రం పక్క బల్ల మీద జాలి తలచరాదని హృదయపూర్వకంగా కోరడమైనది.