బోర్డు కింది సగం

రొమ్ము ఆపరేషనై మూడు నెలలైన టీచరమ్మ, ఫిజియోథెరపిస్టు ఇచ్చిన కాగితంలో చెయ్యి ఎత్తడం గురించిన అన్ని ప్రశ్నలకీ ‘ఇబ్బంది లేదు’ అని టిక్కు పెట్టేసింది. బెల్లు కొట్టేలోగా బడికి చేరాలని ఆమె తొందర.

“పై అరలో డబ్బా అందుతోందా?” అంది ఫిజియోథెరపిస్టు.

“మా ఆయన డబ్బాలన్నీ కింది అరలోకి మార్చేశారండీ. హాయిగా ఉంది.”

“మరి జడ?”

“మా అత్తగారు వేస్తున్నారు. నాకంటే నున్నగా వేస్తారు లెండి.”

“అంటే మీ చెయ్యి పైకి లేవలేదు. ఇల్లే కిందికి దిగింది.”

“ఇంటి సంగతి సరే, బడిలో రోజూ బోర్డు మీద రాస్తున్నానండీ!”

“ఎంత ఎత్తులో?”

“కింది సగంలో.”

“వెనక బెంచీ వాళ్ళకి కనబడుతుందా?”

“నిలబడి రాసుకుంటున్నారు.” టీచరమ్మ గొంతు తగ్గింది. “ఎందుకని నేను అడగలేదు. వాళ్ళూ ఏమీ అనలేదు.”

టీచరమ్మ కాగితం వెనక్కి తీసుకుని, తను పెట్టిన టిక్కులన్నీ తనే కొట్టేసింది.

“గోడకి వీపు ఆనించి నిలబడండి. ఒళ్ళు పక్కకి వంచకుండా చెయ్యి మాత్రమే ఎత్తండి. లాగినట్టనిపిస్తే ఆపేయండి.”

నెమ్మదిగా ఎత్తింది. “అబ్బా, ఇక్కడే! ఎంతదాకా వచ్చింది?”

“ఇంకో జానెడు లేస్తే చాలు, వెనక బెంచీ వాళ్ళు కూర్చుంటారు.”