యాభయ్యో పేరు

ప్రభుత్వాసుపత్రిలో మరణాల రిజిస్టరు ఉండే గది. కొత్తగా వచ్చిన డాక్టరు, పాతికేళ్ళుగా అక్కడే ఉన్న గుమాస్తా. మధ్యాహ్నం.

“నలభై తొమ్మిదే సార్. మూడుసార్లు చూశాను.”

“ఇంకొక్కటి ఉండాలమ్మా. మత్తుమందుకి ఏడాదిలో యాభై మంది పోయిన జిల్లాకే ఆ అలవాటు మాన్పించే వైద్యకేంద్రం. జాతీయ ప్రణాళికలో అలా రాసి కూర్చున్నారు. ఐదింటికల్లా జాబితా పంపాలి.”

“ఒక్కరు తక్కువ పోయారని ఇవ్వరా?”

“ఇవ్వరు. మళ్ళీ ఐదేళ్ళకే.”

“ఇస్తే... ఎప్పుడు తెరుస్తారు సార్?”

“రెండు నెలల్లో. మంచాలు, మందులు సిద్ధంగా ఉన్నాయట. ఏం?”

“ఊరికే. నేనోసారి ఇంటికెళ్ళి అన్నం పెట్టొస్తాను.”

“రోజూ వెళ్తారేంటి? మీవాళ్ళకి పెట్టుకు తినడం రాదా?”

“రాదు సార్.”

“కాసేపాగండి. గుండె ఆగి పోయారని రాసినవాళ్ళున్నారు కదా, వాళ్ళ వయసులు చదవండి.”

“డెబ్భై రెండు. అరవై ఎనిమిది. ఎనభై. అరవై...”

“ఆ పేజీ వదిలేశారేం?”

“అతుక్కుపోయింది సార్.”

“ఇలా ఇవ్వండి. ఎక్కడ అతుక్కుంది, బాగానే ఉందిగా. పందొమ్మిది... పందొమ్మిదేళ్ళవాడికి గుండె ఆగడమేంటమ్మా?”

“ఎవరికైనా చివరికి ఆగేది అదే కదా సార్.”

“రక్తపరీక్ష కాగితం దీనికే పిన్ను కొట్టి ఉంది. మత్తుమందని స్పష్టంగా ఉంది. మరి గుండె అని ఎవరు రాయమన్నారు? చేతిరాత మీదే కదా?”

“రిజిస్టరంతా నాదే సార్. మీ ముందున్న డాక్టరుగారు రాయమన్నారు. ఇంట్లోవాళ్ళు ఆయన కాళ్ళావేళ్ళా పడ్డారు. నలుగురిలో తలెత్తుకోలేమని.”

“ఇప్పుడు తలెత్తుకు తిరుగుతున్నారా?”

“తిరుగుతున్నారు. అన్నం తింటున్నారు. బస్సెక్కుతున్నారు.”

“వాళ్ళొచ్చి ఒప్పుకుని సంతకం పెడితే కారణం మార్చొచ్చు. వస్తారంటారా?”

“వాళ్ళకేం ఒరుగుతుంది సార్? పోయినవాడు తిరిగొస్తాడా?”

“రాడు. ఫోను చెయ్యండి, నేను మాట్లాడతాను.”

“ఫోనెందుకు సార్...”

“మూడు దాటిందమ్మా! చెయ్యండి. తల్లి పేరుందిగా ఇక్కడ... ఆగండి. ఈ పేరు...”

“వాడు మా పెద్దాడు సార్. చిన్నాణ్ణి గదిలో పెట్టి, బయట గడియ వేసి వచ్చాను. సంతకం ఎక్కడ పెట్టాలి?”