డిఫెన్స్ లాయరు అడిగితే

లండన్‌లో క్రోయిడన్. నలుగురు అద్దెకుండే ఇంట్లో వంటగది. ఉదయం ఎనిమిది. పదిన్నరకి కోర్టు.

"ఇలా ముందే ప్రాక్టీస్ చెయ్యకూడదని కోర్టువాళ్ళు గట్టిగా చెప్పారు, వదినా."

"చచ్చింది వాళ్ళ మొగుడా? నా మొగుడు. నేను డిఫెన్స్ లాయర్ని, నువ్వు సాక్షివి. చెప్పు చక్రీ, గణేశ్‌ని పొడుస్తుంటే నువ్వెక్కడున్నావ్?"

"ఇక్కడే. ఫ్రిజ్ దగ్గర."

"వెళ్ళి నిలబడు. పై గదిలో ఉండే మార్టిన్ ఎక్కడ?"

"సింకు దగ్గర. చెత్త బిన్ను గొడవ. 'నీ చెత్త నువ్వే పారెయ్' అన్నాడు అన్న. వాడు డ్రాయర్ లాగి కత్తి తీశాడు. మీరు ఉల్లిపాయలు కోసేది."

"ఎన్ని పోట్లు?"

"వదినా..."

"వదినా అంటే లాయరు ఊరుకుంటాడా? ఎన్ని?"

"పొట్టలో రెండు. అన్న వెనక్కి తిరిగితే వీపులో నాలుగో, అయిదో."

"నువ్వేం చేశావ్?"

"వాడి చెయ్యి పట్టుకుని లాగాను. కత్తి ఉన్న చెయ్యే."

"మరి నీ చేతికి గీత కూడా పడలేదేం? నీ తెల్ల టీషర్టు మీద చుక్క రక్తం లేదు. పోలీసుల దగ్గర ఫొటో ఉంది."

"అంతా క్షణంలో అయిపోయింది."

"ఆరేడు పోట్లు క్షణంలోనా?"

"నాకు గుర్తులేదు వదినా, అరవకండి."

"అరుస్తాను! తెలుగు సంఘం వాళ్ళు నీకు సన్మానం చేశారు. 'ప్రాణాలకు తెగించి అడ్డుపడ్డ చక్రి' అని ఫేస్‌బుక్‌లో పెట్టారు. నీకు శాలువా కప్పింది నేను. ఆ శాలువా ఫొటో పట్టుకుని లాయరు నీ తోలు ఒలుస్తాడు. కత్తి గణేశే తీశాడంటున్నాడు మార్టిన్. చూసింది నువ్వొక్కడివే. నీ దగ్గర ఒక్క అబద్ధం దొరికితే జూరీ పన్నెండు మందీ నీ మాట ఒక్కటి కూడా నమ్మరు. వాడు నవ్వుకుంటూ ఇంటికెళ్తాడు. చెప్పు, పీక పిసికేస్తాను, చెప్పు!"

"కత్తి వాడే తీశాడు. అమ్మతోడు. మొదటి రెండు పోట్లూ చూశాను."

"తర్వాత?"

"పరిగెత్తాను."

"ఎక్కడికి?"

"భయమేసింది వదినా."

"ఎక్కడికిరా?"

"ఆ బాత్రూములోకి. గడియ పెట్టుకున్నాను. హాస్పిటల్లో అందరూ నన్నే అడిగారు, నువ్వేం చేశావ్, నువ్వేం చేశావ్ అని. లాగానని నోట్లోంచి వచ్చేసింది. పోలీసులకీ అదే రాసిచ్చాను. ఆ తర్వాత సన్మానం అన్నారు, ఇక ఏ మొహంతో చెప్పను?"

"లోపలికి ఏం వినిపించింది?"

"వద్దు."

"లాయరు అడుగుతాడు. ఏం వినిపించింది?"

"అన్న తలుపు కొట్టాడు. 'చక్రీ తియ్యరా, తియ్యరా' అన్నాడు. వాడు పొడిచినప్పుడల్లా తలుపు అదిరింది. నేను లోపల్నుంచి వీపు ఆనించి నిలబడ్డాను."

"తీసుంటే?"

"బతికేవాడేమో."

"కోటు వేసుకో."

"కొట్టండి వదినా. చెప్పు తీసుకుని కొట్టండి."

"కోటు వేసుకోమన్నాను. వెళ్ళగానే పోలీసాఫీసరుని పిలిచి, రాసిచ్చింది తప్పని చెప్పు. కోర్టులో ఇప్పుడు చెప్పింది పొల్లు పోకుండా చెప్పు. ఇది నమ్ముతారు."

"అన్న వాళ్ళ నాన్న పుల్లయ్యగారు కూడా వస్తున్నారు. ఆయన వింటారు."

"విననీ. పోలీసులు వెళ్ళాక ఆ తలుపు కడిగింది నేను. గణేశ్ నెత్తుటి చేతి ముద్రలు పైనుంచి కిందిదాకా ఉన్నాయి. నాకు మొదటిరోజే తెలుసు."

"తెలిసీ... ఏడాదిగా నాకు అన్నం పెడుతున్నారా?"

"సాక్ష్యం చెప్పేదాకా నువ్వు బతికుండాలిగా."