రెండు కమిటీల మెంబరు

గెడ్డ పొంగి మా పేట మునిగిన రెండో ఏడు. విశాఖ అవతల ఇసకొడ్డు. మాపిటేళ నాను వల బాగు సేసుకుంటన్నాను. మా ఆడది తవిటమ్మ తట్ట దించినాది.

“అది కాదు మావా, ఆ ఎర్రజెండా ఎవులు పాతినారు?”

“టూరిజమోలు.”

“మరా పచ్చజెండా?”

“గ్రామాభివృద్ధోలు.”

“రెండూ మేం సేపలెండేసుకునే ఇసక మీదేనా?”

“ఊఁ.”

“ఊఁ ఏటి! ఏటి కడతారంట?”

“టూరిజమోలు గుడారాలేస్తారు, సిటీ జనం వొచ్చి తొంగోడానికి. గ్రామాభివృద్ధోలు మీకు సేపలెండేసుకోడానికి సిమెంటు సప్టా కడతారు.”

“ఒక్క సోటే? రెండూనా?”

“రేపు తొమ్మిదికి శంకుస్థాపన. రెండిటికీ.”

“వొలమ్మో! గుడారాల్లో తొంగున్నోలు సేపల కంపు ఓర్సుకుంటారేటి? మమ్మల్నే గెంటేస్తారు. ఇరవై మందిమి ఆడోలం. ఎండు సేపల్లేకపోతే జాలరిపేట బజారుకెల్లి నానేటి అమ్మాల, నీ మొకమా?”

“దాన్నెవులు కొంటారే.”

“నవ్వులాట కాదు. ఆ రెండాఫీసులోలూ ఒకలికొకలు సెప్పుకోలేదా?”

“ఆలు మంగళారం వొస్తారు. ఈలు శుక్కురారం.”

“రెండు మీటింగులకీ ఎల్లినోడెవుడూ లేడా?”

“...ఉన్నాడు.”

“ఎవుడా సన్నాసి?”

“నానే.”

“నువ్వా!”

“రెండిట్లోనూ మెంబర్ని. సమన్వయ సభ్యుడంట. అంటే ఏటో తెలీదు. మూడో తరగతిలో ఆ పాటం రాకముందే బడి మానీసినాను.”

“మరెందుకేసుకున్నారు నిన్ను?”

“మాటాడనని. మాటాడేవోలుంటే మీటింగు తెమలదంట.”

“రెండేళ్ళు ఏటి సేసినావక్కడ?”

“టీ తాగినాను. ఉప్మా తిన్నాను. శుక్కురారం ఉప్మాలో జీడిపప్పుంటాది.”

“మంగళారం మాట శుక్కురారం సెప్తే నోరు పడిపోతాదేటి?”

“ఎవులూ అడగలేదు. కుర్చీలోంచి లేసి మాటాడాలంటే బయిమే. సంద్రంలో తుపానొచ్చినా అలగ బయపడలేదు.”

“రేపు నువ్వు సెప్పాల మావా. సెప్పకపోతే ఆ సేపలు నీ మంచం మీద ఎండేస్తాను.”

“సూద్దాం.”

మర్నాడు పొద్దు పొడవకముందే తవిటమ్మ తట్టలన్నీ నానే మోసుకెళ్ళి, రెండు జెండాల మధ్యన సేపలు పరిసేసి కూకున్నాను. తొమ్మిదికి రెండు కార్లొచ్చినాయి. ఒకదాంట్లోంచి మేడం దిగినారు, ఇంకోదాంట్లోంచి సారు.

“ఎవరివయ్యా ఈ చేపలు? తాతబాబూ, నువ్వా! మా కమిటీ మెంబరువై ఉండి!”

“మేడం, మీ కమిటీ ఏంటి? ఈయన మా కమిటీ మెంబరు.”

“మీరెవరండీ?”

“టూరిజం, కృష్ణంరాజు. మీరు?”

“గ్రామాభివృద్ధి, జ్యోతిర్మయి. రెండేళ్ళుగా వస్తున్నాను, మిమ్మల్నెప్పుడూ చూడలేదే?”

“నేనూ చూడలేదండీ. ఈయన చెప్పనేలేదు.”

“మాకు మాత్రం చెప్పాడా! ఇలాంటివాణ్ణి తీసెయ్యాలండీ.”

“రెండు కమిటీల్లోంచీ! కాగితం ఉందా మేడం?”

“ఉంది. పెన్ను మీరివ్వండి. ఇద్దరం సంతకం పెడదాం.”

“అమ్మా... బాబూ...”

“ఏంటి తాతబాబూ, నీకు మాటలొచ్చా?”

“సంతకాలయ్యేక, ఆ కాయితం కిందే ఇంకో ముక్క రాయండి. నా బదులు మా తవిటమ్మని ఎయ్యండి, రెండిట్లోనూ. అది ఊరుకోదు.”